సానరాయి మీద మంగలి కత్తి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

గడ్డం గీసే మడత కత్తికి, అదే మంగలి కత్తికి, చిన్న సానరాయితో పదును ఎలా నిలుపుకోవాలో రాస్తున్నాను. ఇది చదివి నేరుగా కత్తి పట్టుకోకండి. చెయ్యి కదలిక అలవాటయ్యేదాకా చెక్క స్కేలుతోనో, వెన్న రాసే మొండి చాకుతోనో సాధన చేయండి. అసలు కత్తి తీసిన రోజున ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉండాలి. కత్తి చేజారితే పట్టుకోబోవద్దు. చెయ్యీ కాలూ వెనక్కి తీసుకుని పడనివ్వండి.

ముందు కత్తిని బాగా చూడండి. మందంగా ఉన్న పై అంచు వెన్ను. కోసే అంచు వాదర. పిడి వైపున్న కొనను మడమ అనీ, అవతలి కొనను ముక్కు అనీ అనుకుందాం. కత్తి పక్కలు రెండూ లోపలికి గుంటగా తొలిచి ఉంటాయి. అందుకే రాయి మీద పడుకోబెడితే కత్తి రెండే చోట్ల ఆనుతుంది, వెన్ను దగ్గర, వాదర దగ్గర. వంటింటి చాకును నూరేటప్పుడు ఎంత వాలులో పట్టాలో మనమే అంచనా వేసుకోవాలి. ఇక్కడ ఆ పని వెన్ను చేసిపెడుతుంది. కత్తి వెడల్పు 16 మి.మీ., వెన్ను మందం 4.5 మి.మీ. అనుకోండి, వాదర దగ్గర రెండు వాలులూ కలిసే కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. త్రికోణమితి వచ్చినవాళ్లు బొమ్మ గీసి లెక్క వేసుకోండి, సరదాగా ఉంటుంది. ఈ కోణం కత్తి తయారీలోనే కుదిరిపోయింది కాబట్టి నూరుతున్నంతసేపూ వెన్ను రాయి మీంచి లేవకూడదు. రవ్వంత లేచినా కోణం పెరిగి వాదర గుండ్రబడుతుంది.

రాయి రోజూ తీసేది కాదు. రోజూ గీసే ముందు తోలుపట్టా మీద రుద్దితే చాలు, వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కత్తి పనిచేస్తుంది. తోలు మీద 50, 60 సార్లు రుద్దాక కూడా వెంట్రుక తెగకుండా పట్టి లాగుతుంటే అప్పుడు రాయి తీయండి. ఇంకో గుర్తు ఉంది. వాదరను పైకి పెట్టి దీపం వెలుగులో చూడండి. పదునున్న వాదర కంటికి ఆనదు. మొద్దుబారిన చోట జుట్టు కన్నా సన్నగా తెల్లటి గీత మెరుస్తుంది. చుక్కలా మెరిస్తే అక్కడ పెచ్చు లేచిందన్నమాట. పెచ్చు లేచిన కత్తిని 1000 గ్రిట్ (గ్రిట్ అంటే రాతి రేణువు సన్నదనాన్ని చెప్పే సంఖ్య) ముతకరాయి దగ్గర మొదలుపెట్టి 4000, 8000 మీదుగా తీసుకురావాలి. అది చెయ్యి తిరిగినవాళ్లకే వదిలేయండి.

మన పనికి 8000 గానీ 12000 గానీ ఉన్న సన్నరాయి ఒక్కటి చాలు. గ్రిట్ సంఖ్య పెరిగేకొద్దీ రాతిలోని రేణువు సన్నమవుతుంది. రాయి చదునుగా లేకపోతే మాత్రం ఎంత మంచి రాయైనా దండగే. పైన పెన్సిల్‌తో గళ్లు గీయండి. అద్దం పలక మీద 400 నంబరు నీటి గరుకు కాగితం పరిచి, నీళ్లు చల్లి, రాయిని బోర్లించి రుద్దండి. నాలుగు మూలలా, మధ్యలో కూడా గీతలు చెరిగిపోతే చదునైనట్టు. ఎక్కడైనా గీత మిగిలితే అక్కడ గుంట ఉంది, ఇంకా రుద్దాలి. రాయి అంచుల మొన కూడా కాస్త అరగదీయండి, లేకపోతే అది వాదరకు గీటు పెడుతుంది. నీళ్లతో వాడే రాయికి నూనె తగలనివ్వకండి. నూనె రాతి రంధ్రాల్లోకి దిగితే ఆ తర్వాత నీళ్లు పట్టవు, నూరుడు సాగదు.

ఇక నూరడం. రాయి మీద నీళ్లు పోసి, కత్తిని పడుకోబెట్టి, వాదర ముందుండేలా తోయండి. వెన్ను వెనకాలే రావాలి. రాయి సుమారు 5 సెం.మీ. వెడల్పుంటే కత్తి 7 సెం.మీ. పొడవుంటుంది. తిన్నగా తోస్తే కొంత వాదర రాయికి తగలనే తగలదు. అందుకని మడమ రాయి మీద ఉండగా మొదలుపెట్టి, ముందుకు తోస్తూనే పిడివైపు ఏటవాలుగా లాగుతూ, ముక్కు దగ్గర ముగించండి. అక్కడ ఆగి, వాదరను గాల్లోకి లేపి, వెన్ను మీదే కత్తిని తిప్పి, రెండో పక్కను అదే తీరున మీవైపు తీసుకురండి. వాదర మీద తిప్పారంటే అంతసేపు చేసిందంతా పోతుంది. ఇలా పోయి వస్తే ఒక జత. మొద్దుబారిన కత్తికి 10 జతలు, బాగా ఉన్నదానికి 5 జతలు సరిపోతాయి.

ఇక బలం సంగతి. దాదాపు అందరూ తప్పేది ఇక్కడే. నొక్కితే తొందరగా అవుతుందనిపిస్తుంది. కానీ వాదర దగ్గర ఉక్కు ఎంత పల్చనంటే, నొక్కగానే వంగి రాయికి ఎడమవుతుంది. అప్పుడు రాయి వాదర కొసను కాక దాని వెనక భాగాన్ని తింటుంది. కొస మొద్దుగానే ఉండిపోతుంది. కత్తి బరువు చాలు. వేళ్లు దాన్ని నడిపించడానికే. రాయి మీద నీళ్లు వాదర ముందు సన్నని అలలా కదిలి, కొంచెం కత్తి మీదికి ఎక్కుతుంటే వాదర రాయికి ఆనుతున్నట్టే.

నమ్మకం కుదరకపోతే మార్కర్ పెన్ను తీసుకుని వాదర వాలు మీద రెండు పక్కలా నల్లగా పూయండి. రెండు జతలు నూరి దీపం కింద చూడండి. సిరా అంతా పోతే బాగుంది. కొస దగ్గర నల్లగీత మిగిలితే రాయి కొసను చేరడం లేదు. ముక్కు దగ్గర మాత్రమే మిగిలితే చివర్లో మీ చెయ్యి ఎత్తేస్తోంది. ఈ చిన్న పరీక్షకు మించిన గురువు నాకు తెలియదు, మొదటి నెలంతా చేస్తూ ఉండండి.

వెన్ను అరగకుండా ఒక పొర కరెంటు టేపు అంటించేవాళ్లున్నారు. తప్పు లేదు. దాంతో కోణం ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది కాబట్టి, ఒకసారి టేపుతో నూరితే తర్వాత కూడా టేపుతోనే నూరాలి. తీసేసి నూరితే కొస రాయికి అందదు.

బాగుంది కదా అని ఇంకా ఇంకా నూరకండి. మరీ నూరితే కొస రేకులాగా పల్చబడి, మొదటి గీతలో బ్రహ్మాండంగా తెగి, అక్కడే విరిగి, మొహం మండిస్తుంది. అలా అయితే కత్తిని వెనక్కి, అంటే వెన్ను ముందుండేలా, రెండు మూడు సార్లు మెల్లగా లాగి, మళ్లీ 5 జతలు మామూలుగా నూరండి.

తర్వాత కత్తి తుడిచి తోలుపట్టా దగ్గరికి రండి. ఇక్కడ దిశ తిరగబడుతుంది, వెన్ను ముందు, వాదర వెనక. మరిచిపోతే తోలు తెగుతుంది. పట్టాను బిగుతుగా లాగి పట్టండి, వదులైతే తోలు వాదర చుట్టూ వంగి కొసను గుండ్రం చేస్తుంది. ముందు పట్టాకు ఉండే గుడ్డ వైపు 20 జతలు, తర్వాత తోలు వైపు 50 జతలు. మొదట్లో వేగం వద్దు.

పదును వచ్చిందో లేదో వేలు వాదర వెంబడి జరిపి చూడకండి. రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని, కుదురు వైపు రెండు వేళ్ల మధ్య పట్టి, కొసను వాదర మీదికి వాల్చండి. టిక్కుమని తెగితే సరే. వంగి జారిపోతే ఇంకో 5 జతలు.

పని అయ్యాక కత్తిని మెత్తటి గుడ్డతో, వెన్ను నుంచి వాదర వైపు తుడవండి. పిడి సందులో తడి ఉండిపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది, కాబట్టి కాసేపు తెరిచి, ఎవరి చెయ్యీ అందని చోట ఆరబెట్టండి. చాలా రోజులు వాడకపోతే ఒక చుక్క నూనె పూసి, మడిచి దాచండి.

ఇట్లు,
మీ తాతయ్య