పసుపు ముద్దల గౌరమ్మ, నీడల సోమేశ్వరుడు

దేవునికి రూపం ఉన్నదా లేదా అని ఎవరన్న అడిగితే నాకు ముందుగాల బతుకమ్మ పండుగే యాదికొస్తది. తంగేడు, గునుగు వరుసలు పేర్చినంక పైన పెట్టే గౌరమ్మకు కండ్లుండవు, చేతులుండవు, ఉత్త తడి పసుపు ముద్ద, అమ్మ వేళ్లతోటి ఒత్తి నిలబెట్టి కుంకుమ బొట్టు పెడ్తది, ఇగ అది గౌరీదేవే. రాత్రి చెరువుకాడ బతుకమ్మ నీళ్లల్ల కలుస్తది, ఆ గౌరమ్మ పసుపునే ఆడోళ్లు పుస్తెలకు పూసుకుంటరు.

ఈ ముచ్చట ఇయ్యాల్టిది కాదు. వేదకాలంల పూజంటే యజ్ఞమే, అగ్నే దేవతల నోరు. బృహదారణ్యక ఉపనిషత్తు బ్రహ్మానికి మూర్తం (ఆకారమున్నది), అమూర్తం (ఆకారం లేనిది) అని రెండు రూపాలు చెప్పింది. శ్వేతాశ్వతర ఉపనిషత్తుల "న తస్య ప్రతిమా అస్తి", అంటే ఆయనకు ప్రతిమ లేదు అని ఉంటది, ఈ ఒక్క మాట పట్టుకొని విగ్రహాలే తప్పు అనేటోళ్లు ఉన్నరు, కానీ ప్రతిమ అంటే అక్కడ సాటి అని, ఆయనకు సాటి ఎవరూ లేరని అర్థం చెప్పినోళ్లు కూడా ఉన్నరు. గీత 12వ అధ్యాయంల కృష్ణుడైతే అవ్యక్తాన్ని, అంటే రూపం కనపడనిదాన్ని పట్టుకున్నోళ్లకు కష్టం ఎక్కువ, దేహం ఉన్నోళ్లకు ఆ దారి దొరకుడు కష్టం అంటడు, నాకైతే అన్నిట్లకు ఈ మాటే దగ్గర.

ఆగమాలు, అంటే గుడి, పూజల శాస్త్రాలు వచ్చి గుడి పద్ధతులు కుదిరినంక శైవులు శివున్ని మూడు తీర్ల చెప్పిన్రు. రూపమే లేనిది నిష్కళం, కాళ్లు చేతులున్న మూర్తి సకళం, రెండింటి నడుమ లింగం, సకళనిష్కళం. ఇది చదివితే అర్థం కానోళ్లు నల్లగొండ పక్కన పానగల్లుకు పోవాలె. కుందూరు చోడులు కట్టించిన ఛాయా సోమేశ్వరాలయంల లింగం వెనక గోడమీద నిలువు నీడ ఒకటి పొద్దంత కదలకుండ ఉంటది, సూర్యుడు జరుగుతుంటడు గానీ నీడ జరగది. ముందున్న స్తంభాల నడుమ నుంచి వెలుగు లోపలికొచ్చే తీరును బట్టి పడే నీడ అది. లెక్క తెల్సినా చెయ్యెత్తి మొక్కకుండ ఉండలేం, ఎందుకంటే అక్కడ లింగానికీ ముఖం లేదు, నీడకూ ముఖం లేదు.

12వ శతాబ్దంల బసవేశ్వరుడు గుడిని కాదని ఇష్టలింగాన్ని మనిషి ఒంటిమీదికే తెచ్చిండు. 1875ల దయానంద సరస్వతి ఆర్యసమాజం పెట్టి మూర్తిపూజ వేదంల లేదు, హోమం చాలన్నడు, 1892ల అది హైదరాబాదుకు వచ్చింది. నిజాం రాజ్యంల ధైర్యంగ నిలబడ్డ సమాజం అది, ఆ గౌరవం నాకున్నది, కానీ రాయికి మొక్కుడు అజ్ఞానం అంటే మాత్రం ఒప్పుకోను. పాలమూరు మన్యంకొండ స్వామిని మావోళ్లు ఉలి ముట్టని దేవుడంటరు, ఊర్ల వేపచెట్టు కింద పోచమ్మ కూడ ఒక రాయే, బోనం దించి పసుపు పూసేటప్పుడు మా నానమ్మ ఆ రాయితోటి మాట్లాడేది, పిల్లలకు జ్వరం తగ్గాలె తల్లీ అని, దూరమున్న బిడ్డను పిలిచినట్టు.