కుట్లకు చీము పట్టించేది పప్పు కాదు

"మేడం, పప్పు పెట్టొచ్చా? చీము పడుతుందంటున్నారు." సర్జరీ వార్డులో డైటీషియన్‌గా నేను ఈ ప్రశ్న వినని రోజు లేదు. ఆమధ్య ఒక పెద్దాయనకి హెర్నియా ఆపరేషన్ అయిన ఆరో రోజు కుట్ల దగ్గర చీము కనిపించింది. అంతే, ముందురోజు రెండు ముద్దలు పప్పన్నం పెట్టిన కోడలు దోషి అయిపోయింది. పాపం, వరండాలో కూర్చుని ఏడుస్తోంది. కేస్ షీటు తీసి చూస్తే షుగరు 310!

చీమంటే గాయంలో చేరిన బ్యాక్టీరియాతో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలు, పాడైన కణజాలం. తిన్న పప్పు అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుందే గానీ, పప్పుగానే వెళ్లి కుట్లలో కూర్చోదు కదా. పచ్చగా, చిక్కగా ఉండటమే ముద్దపప్పు చేసిన నేరమని నా అనుమానం. అదుపులేని షుగర్నీ, సిగరెట్టునీ, తడిసిన కట్టునీ మాత్రం ఎవరూ తిట్టరు.

తెగిన చోట కొత్త కండ పట్టాలంటే ప్రోటీన్ కావాలి. 30 గ్రాముల కందిపప్పులో దాదాపు 7 గ్రాములు ఉంటుంది, ఒక గుడ్డుకేం తీసిపోదు. గుడ్డు, మాంసం ముట్టని ఇంట్లో పప్పూ మానేసి, పాలూ మానేసి (వాటికీ ఇదే నింద) రెండు వారాలు చారన్నంతో నెట్టుకొస్తే గాయం దేనితో మానాలి? బాలింతల సంగతి మరీ ఘోరం. వెల్లుల్లి కారం, బీరకాయ కూర, మళ్లీ వెల్లుల్లి కారం. డాక్టరు అన్నం పెట్టమన్న రోజునే పప్పూ పెట్టండి. మీకు భయంగా ఉంటే పెసరపప్పు పల్చగా ఉడికించి, జీలకర్ర, ఇంగువ తాలింపు వేయండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్ని అడగాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఉడికేటప్పుడు పొంగే నురుగు విషం కాదు, తీసినా ఉంచినా ఒకటే. ఉప్పు ముందేస్తే పప్పు ఉడకదన్నది అపోహ, చింతపండు ముందేస్తే ఉడకదన్నది నిజం. కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్లలో అయితే ఎవరి పప్పులూ ఓ పట్టాన ఉడకవు. రాజ్మాతో మాత్రం జాగ్రత్త. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. సగం ఉడికింది తింటే వాంతులు పట్టుకుంటాయి.

నా సిజేరియన్‌కి పదకొండు రోజులు పప్పు వాసన కూడా చూపించని మా అమ్మకి పోయినేడు మోకాలి ఆపరేషన్ అయింది. "పప్పు వద్దే, చీము పడుతుంది" అంది, నా చదువునీ ఉద్యోగాన్నీ గాలికొదిలేసి. వాదించే ఓపిక లేక, కందిపప్పు బాగా ఉడికించి మెత్తగా ఎనిపి చారులో కలిపేశాను. "ఇవాళ చారు చిక్కగా కుదిరిందే" అని ఇంకో గరిటె వేయించుకుంది.