తెగని చోటే కారణం చెబుతుంది

రేడియం స్టిక్కర్లు కోసే షాపులో అక్షరం సరిగా తెగలేదంటే ముందుగా చెయ్యి వెళ్లేది బ్లేడు నొక్కుడు బలాన్ని పెంచే ప్రెషర్ బటన్ మీదికే. 80 గ్రాములు ఉన్నది 100 అవుతుంది, 100 కాస్తా 140 అవుతుంది. ఒక్కోసారి దాంతో ఆ పూటకు పని గడుస్తుంది కూడా. కానీ కటింగ్ ప్లాటర్, అంటే కంప్యూటర్ చెప్పిన గీతల వెంట బ్లేడుతో షీటు కోసే మెషిన్, కోత అరకొరగా మిగలడానికి బలం చాలకపోవడం అనేక కారణాల్లో ఒకటి మాత్రమే. మిగతావి వదిలేసి బలం పెంచుకుంటూ పోతే, ఆ పెంచిన బలమే రేపటి లోపానికి మూలమవుతుంది. అందుకే ఏ సెట్టింగూ ముట్టుకోకముందు తెగని చోటు ఎక్కడుందో చూడమంటాను. ప్రతి అక్షరం మొదట్లోనా? మూలల్లోనా? షీటు మీద ఎప్పుడూ ఒకే వరసలోనా? జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

మెషిన్‌కు మనం అప్పగించే పని చాలా సున్నితమైనది. బోర్డులకు వాడే మామూలు వినైల్ (ప్లాస్టిక్) పొర మందం సుమారు 80 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బండ్లకు అతికించే మేలిరకం కాస్ట్ వినైల్ అయితే 50. దాని కింద గమ్ము పొర 25 మైక్రాన్ల దాకా, అడుగున సిలికాన్ పూత ఉన్న బ్యాకింగ్ పేపర్ 150 మైక్రాన్ల దాకా ఉంటాయి. పై రెండు పొరలూ పూర్తిగా తెగాలి, పేపర్ మీద సన్నటి గీత మాత్రమే పడాలి. పొర, గమ్ము, పేపర్‌లో సగం కలిపి లెక్కేస్తే బ్లేడు మొన దాన్ని పట్టి ఉంచే హోల్డర్ నుంచి బయటికి రావాల్సింది 0.2 మిల్లీమీటర్లకు అటూఇటూగా. దాన్ని ఒక మిల్లీమీటరు దాకా బయటికి తిప్పి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. హోల్డర్ మూతి షీటుకు ఆనితేనే లోతు అక్కడ ఆగుతుంది. మొన మరీ బయటికి వస్తే ఆ ఆసరా పోతుంది. లోతంతా ప్రెషర్ దయ మీద నడుస్తుంది. మొన పేపర్‌లోకి దిగి, వంపులో పట్టేసుకుని, చివరికి విరుగుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. హోల్డర్‌ను మెషిన్ నుంచి ఊడదీసి, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని, చేత్తోనే వినైల్ ముక్క మీద గట్టిగా గీయండి. చేత్తో గీసినప్పుడు కూడా పొర తెగకపోతే మొన సరిపడా బయటికి రాలేదు, లేదా అరిగిపోయింది. పేపర్ కూడా చీలిపోతే మరీ ఎక్కువ వచ్చింది. చేత్తో చక్కగా తెగి మెషిన్‌లో మాత్రం తెగకపోతేనే ప్రెషర్ సంగతి ఆలోచించాలి.

ఇక అందరినీ ఎక్కువ తికమక పెట్టేది, గుండ్రటి ఆకారం మొదలైన చోటుకు తిరిగి వచ్చి కలవకపోవడం. సున్నా చుట్టూ బాగానే తెగుతుంది, ఒక్క చోట మాత్రం వెంట్రుకవాసి అతుకు మిగులుతుంది. వేస్ట్, అంటే అక్షరాల చుట్టూ మిగిలే అక్కర్లేని వినైల్, పీకేటప్పుడు ఆ అతుకు అక్షరాన్ని కూడా లేపుకుని వచ్చేస్తుంది. ఇది బలం లోపం కాదు, జ్యామితి.

ప్లాటర్ బ్లేడును తిప్పే మోటారు ఏదీ మామూలు మెషిన్‌లో ఉండదు. బ్లేడు బేరింగ్ మధ్యలో వదులుగా తిరుగుతుంది. దాని మొన ఇరుసుకు సూటిగా కింద కాకుండా కొంచెం పక్కకు, సాధారణంగా 0.25 మిల్లీమీటర్లు, జరిగి ఉంటుంది. సూట్‌కేసు చక్రం లాగిన దిక్కుకు తనంతట తాను తిరిగినట్టే ఈ మొన కూడా ఇరుసు వెనకాల ఈడ్చుకుంటూ దిక్కు సర్దుకుంటుంది. అంటే కంప్యూటర్ నడిపేది ఇరుసును, కోసేది మాత్రం పావు మిల్లీమీటరు వెనక వచ్చే మొన.

ఇలా ఈడ్చుకొచ్చే బిందువు గీసే వంపు మూడు వందల ఏళ్లకు పైగా గణితంలో ఉంది. గణితవేత్త లైబ్నిజ్ పారిస్‌లో ఉన్న రోజుల్లో క్లాడ్ పెరో అనే ఫ్రెంచ్ వైద్యుడు బల్ల మీద గొలుసు గడియారం పెట్టి, గొలుసు కొసను బల్ల అంచు వెంట లాగుతూ, గడియారం ఏ దారిలో నడుస్తోందని అడిగేవాడట. లైబ్నిజ్ తన జవాబును 1693లో ప్రచురించాడు. ట్రాక్ట్రిక్స్ అనే ఆ వంపు సూత్రాన్ని మన బ్లేడుకు వర్తింపజేస్తే కళ్లు తెరిపించే అంకెలు వస్తాయి. బ్లేడు దిగేటప్పుడు కోయాల్సిన దిక్కుకు 90 డిగ్రీలు అడ్డంగా ఉందనుకుందాం. ఇరుసు 0.25 మిల్లీమీటర్లు కదిలేసరికి తేడా 40 డిగ్రీలకు, అర మిల్లీమీటరుకు 15కు, ముప్పావు మిల్లీమీటరుకు దాదాపు 6 డిగ్రీలకు తగ్గుతుంది. అంటే ప్రతి ఆకారం మొదట్లో ముప్పావు మిల్లీమీటరు దాకా బ్లేడు కోయడం కన్నా గోకడమే ఎక్కువ. చివర్లో ఇరుసు మొదటి బిందువుకు చేరి ఆగిపోతే, మొన ఇంకా పావు మిల్లీమీటరు వెనకే ఉండిపోతుంది.

ఆ సందు పూడ్చడానికే మెషిన్‌లోనో సాఫ్ట్‌వేర్‌లోనో రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఆఫ్‌సెట్ అనే అంకె మొన ఎంత వెనకుందో చెబుతుంది. దాన్నిబట్టి మూల దగ్గర ఇరుసు కొంచెం ముందుకు వెళ్లి చిన్న విల్లులా తిరుగుతుంది. ఓవర్‌కట్ అనేది మొదలైన చోటు దాటి ఇంకాస్త దూరం కోయిస్తుంది. ఆఫ్‌సెట్ తక్కువ పెడితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఎక్కువ పెడితే మూల దగ్గర చిన్న కొమ్ము పొడుచుకొస్తుంది. చిన్న ఆకారాల్లో దీని దెబ్బ గట్టిగా తగులుతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న రంధ్రాన్ని ఏ సవరణా లేకుండా కోస్తే వచ్చేది 0.87 మిల్లీమీటర్లే. పది మిల్లీమీటర్ల వృత్తంలో ఆ తేడా కంటికి ఆనదు. సున్నలూ తలకట్లూ వత్తులూ నిండిన మన తెలుగు అక్షరాలను చిన్న సైజులో కోయించినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

ఆఫ్‌సెట్, ఓవర్‌కట్ రెండూ సరిగ్గానే ఉన్నా అతుకులు మిగులుతుంటే హోల్డర్ విప్పి చూడాలి. వినైల్ పోగు ఒకటి బేరింగ్ దగ్గర ఇరుక్కుంటే చాలు, బ్లేడు తిరగడం మొరాయిస్తుంది. బ్లేడును తిప్పే బలం వినైల్ రాపిడి నుంచే రావాలి, అదీ ఇరుసుకూ మొనకూ మధ్య ఉన్న పావు మిల్లీమీటరు ఎడంతోనే. కాబట్టి ఆ తిప్పుడు బలం చాలా స్వల్పం. కాసింత జిగురు కూడా దాన్ని ఓడించగలదు. శుభ్రం చేసి ఒక చుక్క పలచటి మెషిన్ ఆయిల్ వేస్తే తరచుగా జబ్బు అక్కడే నయమవుతుంది.

మొన సంగతీ చూడాలి. ఈ బ్లేళ్లు టంగ్‌స్టన్ కార్బైడ్‌వి. కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి, వేడిచేసి గట్టిపరచే ఈ పదార్థాన్ని 1920లలో జర్మనీలో ఓస్రామ్ కంపెనీలో కార్ల్ ష్రోటర్ రూపొందించాడు, అప్పట్లో బల్బు ఫిలమెంట్ తీగ లాగే అచ్చుల కోసం. చాలా గట్టిది, కానీ పెళుసు. టేబుల్ మీద జారిపడినా మొన చిట్లుతుంది, మామూలు కంటికి కనబడదు. పది రెట్లు పెద్దదిగా చూపే లెన్స్ షాపులో ఉండి తీరాలి. నంబర్ ప్లేట్లకు వాడే రిఫ్లెక్టివ్ షీట్లలో సన్నటి గాజుపూసలు ఉంటాయి కనుక అవి మొనను మరీ త్వరగా అరగదీస్తాయి. ఆ పనికి వేరే బ్లేడు పెట్టుకోవడం మంచిది.

షీటు మీద ఎప్పుడూ ఒకే అడ్డ స్థానంలో, అంటే ఎడమ అంచు నుంచి ఒకే దూరంలో కోత తప్పుతుంటే, బ్లేడును అనుమానించకండి. దాని కిందుండే టెఫ్లాన్ పట్టీ మీద వేలితో నిదానంగా తడమండి. పేపర్ దాటి దిగిన బ్లేడు అక్కడ గాడి చేసి ఉంటుంది. గాడి మీద షీటుకు ఆనిక ఉండదు, వినైల్ కిందికి లొంగిపోతుంది, కోత తేలిపోతుంది. ప్రెషర్ పెంచితే గాడి ఇంకా లోతవుతుంది. నేను మొదట చెప్పిన రేపటి లోపం ఇదే. పట్టీ మార్చడం తప్ప దీనికి మందు లేదు, పట్టీ ఖరీదు కూడా పెద్దదేమీ కాదు.

ఒక వైపు బాగా తెగి రెండో వైపుకు పోనుపోను పలచబడుతుంటే క్యారేజ్ (బ్లేడును అటూఇటూ నడిపే భాగం) పట్టాకూ టెఫ్లాన్ పట్టీకీ మధ్య ఎత్తు తేడా ఉన్నట్టు. ప్రతి గీతా మొదట్లో మాత్రమే తెగకపోతే, బ్లేడు పూర్తిగా దిగకముందే క్యారేజ్ బయల్దేరుతోంది, వేగం తగ్గించాలి.

కలవని కొసల్లో ఇంకో రకం ఉంది. ఆఫ్‌సెట్ వల్ల వచ్చే సందు మొదటి అక్షరంలో ఎంతో చివరి అక్షరంలోనూ అంతే. షీటు జారడం వల్ల వచ్చేది అలా కాదు, పని సాగేకొద్దీ పెరుగుతుంది. షీటును నొక్కి పట్టుకునే పించ్ రోలర్ల నొక్కుడు సమంగా లేకపోయినా, బరువైన రోల్‌ను మెషిన్ తనే లాక్కోవాల్సి వచ్చినా ఇది జరుగుతుంది. కోత మొదలుపెట్టే ముందే రోల్ నుంచి కావలసినంత షీటు వదులుగా లాగి పెట్టుకోవాలి. కంప్యూటర్ ప్లాటర్‌కు ఆదేశాలిచ్చే హెచ్‌పీజీఎల్ భాషలో ఒక మిల్లీమీటరుకు 40 మెట్లు, అంటే కదలికను అంత సన్నగా కొలుస్తుంది. కాబట్టి కంటికి కనబడేంత తేడా వస్తే తప్పు లెక్కది కాదు, కదిలే భాగాలది. అక్షరం మధ్యలో ఒక ముక్క మొత్తం మాయమైతే మాత్రం కేబులునూ, పోర్ట్ సెట్టింగునూ చూడండి. దారిలో డేటా పోయి ఉంటుంది.

ఎండాకాలంలో ఇంకో మోసం జరుగుతుంది. కోత నిఖార్సుగానే పడుతుంది, కానీ వేస్ట్ తీయకుండా షీటును రెండు మూడు రోజులు అలా వదిలేస్తే వేడికి మెత్తబడిన గమ్ము కోతలోకి పారి మళ్లీ కలిసిపోతుంది. పీకేటప్పుడు చూస్తే అసలు తెగనట్టే ఉంటుంది. పొర అంచును గోటితో కొంచెం లేపి చూడండి. పొర విడిపోయి కింద గమ్ము తీగలా సాగుతుంటే మెషిన్ తప్పేమీ లేదు. షీటును కాసేపు చల్లటి గదిలో ఉంచి, వేస్ట్‌ను బాగా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే చాలావరకు శుభ్రంగా వచ్చేస్తుంది. మేలో కోసిన షీటుకు వేస్ట్ ఆ రోజే తీసెయ్యాలి.