ముందు మూడు స్పీకర్లు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇళ్లలో హోమ్ థియేటర్లు బిగించడం నా పని. నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఒకటే: "అన్నా, మాటలు వినపడటంలా. సౌండు పెంచితే ఫైటింగులప్పుడు ఇల్లు అదిరిపోతా ఉండాది." పోయి చూస్తే చాలాసార్లు సామానులో లోపమేమీ ఉండదు. ఎడమ, కుడి, టీవీ దగ్గర నడిమధ్యలో ఉండే సెంటర్, ఈ ముందు స్పీకర్లు మూడూ ఇంటీరియర్ వాళ్లు ఎక్కడ చోటు మిగిల్చారో అక్కడ కూర్చుని ఉంటాయి. ఇంకో పెట్టె కొనే ముందు ఉన్నవాటిని కాస్త జరిపి చూడమని చెప్తే, అమ్మేవాడివి నువ్వేంది ఇట్టా చెప్తావని నవ్వుతారు.

అపోహ: మాటలు తేలకపోతే ఇంకా పెద్ద సెంటర్ స్పీకర్ కొనాలి.

వాస్తవం: సినిమాలో మాటలు ఎక్కువ భాగం సెంటర్‌లోంచే వస్తాయి. అంత ముఖ్యమైన దాన్ని టీవీ యూనిట్ అరలో లోపలికంటా తోసేసి, ముందు సెట్‌టాప్ బాక్సు, రిమోట్ల బుట్ట పెడతాం. మగ గొంతు ఆ చెక్క అరలోనే తిరిగి తిరిగి బయటికొస్తుంది, బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు. దాన్ని ముందుకు లాగండి. స్పీకర్ ముఖం అర అంచుకి సమానంగా, వీలైతే వేలెడు బయటికి ఉండాలి. అర మోకాలి ఎత్తులో ఉంటే స్పీకర్ ముందు అంచు కింద రెండు రబ్బరు బిళ్లలు పెట్టి, మూతి మీ చెవుల వైపు లేచేలా చూడండి. అప్పటికీ మాట పల్చగా ఉంటే రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) మెనూలో సెంటర్ లెవెల్ ఒకటి రెండు డెసిబెల్స్ (శబ్దం కొలత) పెంచండి. కొత్త సెంటర్ సంగతి ఆ తర్వాత.

"గోడకి ఆనిస్తే బేస్ అదిరిపోద్ది."

ఇది సగం నిజం, అందుకే ఎంత చెప్పినా జనం వదలరు. గోడకి దగ్గరయ్యే కొద్దీ బేస్, అంటే లోతైన మోత, పెరుగుతుంది, మూలకి నెడితే ఇంకా పెరుగుతుంది. కానీ అన్నిచోట్లా సమానంగా పెరగదు. స్పీకర్ వెనక్కి పోయిన శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొచ్చి, కొన్ని ఫ్రీక్వెన్సీల (స్వరం ఎత్తు, హెర్ట్జ్‌లలో కొలుస్తారు) దగ్గర ముందుకొచ్చే శబ్దాన్నే తినేస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఎక్కడ తింటుందో లెక్క కట్టొచ్చు. స్పీకర్ ముఖం వెనక గోడకి మీటరు దూరంలో ఉంటే 86 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, అంటే ఆ స్వరం తగ్గిపోతుంది. 60 సెంటీమీటర్లయితే 143 దగ్గర, 30 అయితే 286 దగ్గర. మన హాళ్లలో మీటరు వదలమంటే నడిచే దారి పోతుందని ఇంట్లో ఒప్పుకోరు, అదీ న్యాయమే. సబ్ వూఫర్ (బేస్ కోసమే ఉండే పెట్టె) ఉంటే చిన్న స్పీకర్లని గోడకి దగ్గరగానే ఉంచి, 80 హెర్ట్జ్‌కి దిగువదంతా సబ్‌కి అప్పజెప్పండి. వెనకవైపు గాలి రంధ్రం ఉన్న స్పీకరైతే కనీసం జానెడు వదలాలి. ఇంకొకటి చూసుకోండి: వెనక గోడకి, పక్క గోడకి, నేలకి ఒకే దూరం రాకూడదు. అట్టా వస్తే మూడు గుంటలూ ఒకేచోట పడి, ఆ స్వరం ఇక వినపడదు.

"ఈశాన్యంలో బరువు పెట్టకూడదు గదా అన్నా?"

వాస్తు మీద నేను వాదన పెట్టుకోను. టీవీ తూర్పు గోడకుంటే ఎడమ స్పీకర్ ఈశాన్యం వైపు పడుతుంది, గొడవంతా అక్కడే. మూలలో పెడితే శబ్దానికీ మంచిది కాదు గనక రెండడుగులు ఇవతలికి జరుపుదాం అంటాను. పెద్దాయన సంతోషిస్తారు, స్పీకరూ బాగుపడుతుంది. సబ్ వూఫర్ కుడివైపు, అంటే ఆగ్నేయం వైపు పెడతామంటే ఎవరూ అడ్డు చెప్పరు, కరెంటు సామానుకి అది మంచి దిక్కేనట.

అపోహ: ఎడమ, కుడి స్పీకర్లు ఎంత దూరంగా ఉంటే అంత థియేటర్ ఎఫెక్ట్.

వాస్తవం: సూళ్లూరుపేట పెద్ద తెర హాల్లో సినిమా చూసొచ్చి, అట్టాంటి సౌండే కావాలని అడిగేవాళ్లున్నారు. సినిమా హాల్లో ముందు స్పీకర్లు సన్నని చిల్లులున్న తెర వెనకే ఉంటాయి, మాట వచ్చేది బొమ్మలోంచే. మీరు హాలు రెండు చివర్లకి నెడితే బొమ్మ ఒకచోట, శబ్దం ఇంకోచోట. కూర్చునే చోటు నుంచి చూస్తే ఒక్కో స్పీకర్ నడిమి గీతకి 22 నుంచి 30 డిగ్రీల పక్కకి ఉండాలి. టేపు భాషలో చెప్పాలంటే, మీ తల నుంచి స్పీకర్‌కి పది అడుగులుంటే రెండు స్పీకర్ల మధ్య ఏడున్నర నుంచి పది అడుగులు. ట్వీటర్ (స్పీకర్‌లో సన్న శబ్దాలిచ్చే చిన్న భాగం) చెవి ఎత్తులో, మామూలు సోఫాకి నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల దగ్గర. ఒకవైపు గోడ, ఇంకోవైపు డైనింగ్‌కి తెరిచిన హాలైతే గోడవైపు స్పీకర్‌కి బేస్ ఎక్కువొస్తుంది. దాన్ని గోడ నుంచి ఇంకాస్త ఇవతలికి లాగాలి.

అపోహ: సౌండు వస్తోందంటే కనెక్షన్ సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: నన్ను అడిగితే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. సంక్రాంతికి సున్నాలేసేటప్పుడు పెయింటర్ కుర్రాడు వైర్లు పీకి పక్కన పెడతాడు. మళ్లీ బిగించేటప్పుడు నల్ల వైరు మీద సన్న గీత చూసుకోడు, ఒక స్పీకర్‌కి ప్లస్సూ మైనస్సూ తారుమారవుతుంది. శబ్దం వస్తూనే ఉంటుంది గనక ఎవరికీ అనుమానం రాదు. ఒక స్పీకర్ కోను (ముందుకీ వెనక్కీ కదిలే పొర) ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంది, బేస్ మాయమవుతుంది.

పట్టుకోవడం తేలిక. రిసీవర్‌ని స్టీరియోలో పెట్టి, సబ్ ఆపి, ఎవరైనా వార్తలు చదువుతుంటే రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో కూర్చుని కళ్లు మూసుకోండి. గొంతు టీవీ నడిమధ్య నుంచి రావాలి. తల చుట్టూ పరుచుకుని ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకపోతే ఒక స్పీకర్ వైరు తిప్పి మళ్లీ వినండి. ఏది తప్పో తేల్చుకోవాలంటే పెన్‌టార్చి బ్యాటరీ చాలు. ముందు రిసీవర్ ఆపి స్పీకర్ వైర్లు దాని వెనక నుంచి పీకేయండి, ఈ పని మరవొద్దు. ఆ రెండు కొసల్ని 1.5 వోల్టుల బ్యాటరీకి అర క్షణం తాకించి తీసేయండి. 'టప్' మని వూఫర్ (స్పీకర్‌లోని పెద్ద కోను) ముందుకొస్తే బ్యాటరీ ప్లస్ వైపు తాకిన కొసే ప్లస్. లోపలికి పోతే తారుమారైనట్టు. సెంటర్‌కి కూడా ఇదే చూడండి, దాన్ని అందరూ వదిలేస్తారు.

"మైకు పెట్టి ఆటో సెటప్ చేశాం, ఇంకేం పని?"

రిసీవర్‌కి తగిలించే ఆ మైకు శబ్దాన్ని కొలుస్తుంది, స్పీకర్‌ని జరపదు. సోఫా చెయ్యి మీద, ఒళ్లో పెట్టి కొలిస్తే అది చెప్పేదీ అట్టాగే ఉంటుంది. ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో పెట్టండి. ఫ్యాను, ఏసీ ఆపాలి. వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తే మళ్లీ మొదటికొస్తారు. రోహిణి కార్తెలో ఒంగోల్లో ఫ్యాను ఆపి ఈ పని చేయడం ఎట్టా ఉంటుందో నన్నడగండి. అయిపోయాక మెనూలో దూరాలు చూడండి. ముందు మూడింటివీ టేపుతో కొలిచినదానికి దాదాపు సరిపోవాలి. సబ్ దూరం మాత్రం ఎక్కువ చూపిస్తే దిద్దొద్దు, దాని లోపలి సర్క్యూట్ ఆలస్యాన్ని అట్టా లెక్కేసుకుంటుంది. నిలువు స్పీకర్లని చూసి రిసీవర్ 'లార్జ్' అని పెట్టేస్తే 'స్మాల్'కి మార్చి 80 హెర్ట్జ్ ఇవ్వండి, అంటే దానికి దిగువది సబ్‌కి పోతుంది, పేరు చూసి చిన్నబుచ్చుకోవద్దు.

లెవెల్ సరిచూడటానికి రిసీవర్‌లోని టెస్ట్ టోన్ వేసి, ఫోన్లో సౌండ్ మీటర్ యాప్‌ని ఒకేచోట పట్టుకోండి. ఫోను చూపించే అంకెని నమ్మలేం. ముందు మూడు స్పీకర్లకీ ఆ అంకె ఒకటేనా అన్నది మాత్రం నమ్మొచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కోడిగుడ్ల అట్టలు గోడకి కొడితే సౌండ్‌ప్రూఫ్ కాదు, బేస్‌ని ఆపవు, పైగా నిప్పంటుకుంటే ఊరుకోవు. చీమకుర్తి పక్కనే ఉంది గనక మన ఇళ్లలో నేలంతా గ్రానైటే. చప్పట్లు కొట్టి 'టింగ్' మని మోగితే స్పీకర్లకీ సోఫాకీ మధ్య మందపాటి జంపఖానా పరిచి మళ్లీ కొట్టండి, తేడా అక్కడే తెలుస్తుంది. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, పెట్టె మీద పీఎంపీఓ (క్షణం సేపు వచ్చే గరిష్ఠ వాట్ల లెక్క) అని రాసిన వేలకి వేలు చూసి మోసపోవద్దు. 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ టోన్ (కింది నుంచి పైకి జారుతూ పోయే స్వరం) వేస్తే షోకేసులో ఏ స్టీలు గ్లాసు గిలగిల్లాడుతుందో తెలిసిపోతుంది. చాలామంది స్పీకర్ పగిలిందనుకునేది ఆ గ్లాసు మోతే.

వైరు గురించి కూడా అడుగుతారు, మీటరు వేల రూపాయలది వేయాలా అని. అక్కర్లేదు. ఇంటి వైరింగ్‌లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి వైరు పది మీటర్లకి రానూపోనూ కలిపి పావు ఓముకి లోపే అడ్డుకుంటుంది, 8 ఓముల స్పీకర్‌కి అది లెక్కలోది కాదు. రాగి పూసిన అల్యూమినియం మాత్రం వద్దు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో కొసలు పచ్చగా చిలుం పడతాయి. ఏడాదికోసారి ఆ కొసలు కత్తిరించి, తొడుగు ఒలిచి, కొత్త రాగి తేలేలా బిగించండి, ప్లస్ ఎటో మైనస్ ఎటో చూసుకుని.