ముక్కులో ఏముందో చూడండి

చిరంజీవులకు,

గూడుపెట్టె తగిలించి వారమైనా పిచ్చుకలు లోపల ఉన్నాయో లేదో తెలియడం లేదని, ఒక్కసారి మూత తీసి చూస్తామని అడిగారు. తీయకండి. లోపలి సంగతి బయట కూర్చునే తెలుసుకోవచ్చు. వచ్చే పోయే పిట్ట ముక్కులో ఏముందో చూస్తే చాలు.

ముందు పెట్టె సరిచూసుకోండి. పిచ్చుకకు 32 మిల్లీమీటర్ల కన్నం సరిపోతుంది. ఇంకా పెద్దదైతే పెద్ద పిట్టలు దూరతాయి. కన్నం కింద వాలడానికి పుల్ల బిగించి ఉంటే పీకేయండి. పిచ్చుకకు దానితో పనిలేదు, వేటాడేవాటికే అది పట్టు. ఎండ నేరుగా కొట్టకుండా, నేలకు రెండు నుంచి నాలుగు మీటర్ల ఎత్తులో ఉండాలి. పికిలిపిట్ట రాలేదని బెంగపడకండి. అది కొమ్మల్లో గిన్నెలాంటి గూడు అల్లుకుంటుంది. తొర్రల్లో, గోడ కన్నాల్లో కాపురం పెట్టేవే పెట్టెలోకి వస్తాయి.

వసంతం మొదట్లో ముక్కు ఖాళీగానే ఉంటుంది. గొంతు కింద నల్లమచ్చ ఉన్నది మగపిచ్చుక. కన్నం దగ్గర కూర్చుని అదే పనిగా అరుస్తుంది. ఆడది వచ్చి, తల లోపల పెట్టి చూసి వెళ్ళిపోతుంది. ఇది రోజుల తరబడి సాగవచ్చు. అప్పుడు మనుషుల అలికిడి ఎక్కువైతే ఆ చోటే వదిలేస్తాయి. అందుకే కిటికీ వెనక నుంచి చూడమంటున్నాను.

తర్వాత గడ్డిపోచలు, పీచు వస్తాయి. ఆపైన ఈకలు. ఈకలు మోస్తున్నాయంటే లోపల మెత్తటి పరుపు తయారవుతోందని, గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

ఆ తర్వాత ఉన్నట్టుండి రాకపోకలు తగ్గిపోతాయి. మీకు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే, కానీ అన్నిటికంటే ముఖ్యమైన పని జరిగేదీ అప్పుడే. పిచ్చుక రోజుకొక్క గుడ్డే పెడుతుంది, మొత్తం నాలుగైదు. గుడ్లన్నీ పెట్టడం పూర్తి కావస్తుండగా గానీ గట్టిగా పొదగదు. అందువల్లే పిల్లలు ఇంచుమించు ఒకేసారి బయటికొస్తాయి. పొదిగే ఆడపిట్ట పొట్ట మీద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. ఒంటి వేడి నేరుగా గుడ్డుకు తగలాలి కదా! ఇలా 11 నుంచి 14 రోజులు.

ఒక పొద్దున ముక్కులో పురుగు కనిపిస్తుంది. పిల్లలు పుట్టాయన్నమాట! గింజలు తిని బతికే పిచ్చుక, పసివాటికి మాత్రం మెత్తటి పురుగులే ఏరి తెస్తుంది. అవి త్వరగా ఎదగాలంటే మాంసకృత్తులు కావాలి. కాబట్టి తోటలో పురుగుమందు చల్లొద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. బయటికి వెళ్ళేటప్పుడు కూడా ముక్కు గమనించండి. తెల్లటి చిన్న మూట ఉంటే అది పిల్లల రెట్ట. పలచటి పొరలో చుట్టుకుని సంచిలా వస్తుంది. తల్లీతండ్రీ దాన్ని దూరంగా పారేసి గూడు శుభ్రంగా ఉంచుతాయి. ఇంత చిన్న ప్రాణికి అంత శ్రద్ధ ఉండటం చూస్తే నాకు ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

మూత ఎందుకు తీయొద్దన్నానో చెప్పాలి. మీ వయసులో నేను తీశాను. రెక్కలు సరిగ్గా రాని పిల్లలు మూడు, బెదిరి బయటికి దూకేశాయి. రెండిటిని వెతికి గూట్లో పెట్టాను. మూడోది దొరకలేదు. ఆ సాయంత్రమంతా తల్లి గోడ మీద కూర్చుని అరుస్తూనే ఉంది.

పుట్టిన రెండు వారాలకు అవే ఎగిరిపోతాయి. కిందపడినట్టు కనిపించినా ఈకలు వచ్చిన పిల్లను ఎత్తుకోకండి, తల్లీతండ్రీ దగ్గర్లోనే ఉండి మేపుతాయి. అదే పెట్టెలో మళ్ళీ గుడ్లు పెట్టవచ్చు, కనుక పాత గూడు తీసి కడగడం సీజన్ అయ్యాకే.

నోటుబుక్కులో తేదీ, సమయం, ముక్కులో ఏముందో రాసుకోండి. ఈ వారం 'ఖాళీ' అనే రాస్తారేమో. మొదటి గడ్డిపోచ కనిపించిన రోజు నాకు ఫోన్ చేయండి, ఏ వేళైనా సరే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య