సగం గోడ లెక్క

ఇంగ్లండ్‌లో ఏ గోడౌన్ వెనక్కో, ఫ్యాక్టరీ పార్కింగ్ మూలకో వెళ్తే బస్ షెల్టర్ లాంటి చిన్న గూడు కనిపిస్తుంది. పైన ప్లాస్టిక్ కప్పు, రెండు వైపులా అద్దాల్లాంటి పలకలు, మిగతా రెండు వైపులు ఖాళీ. సిగరెట్ తాగేవాళ్లు నిలబడే చోటు అది. గోడలు కడుతూ కడుతూ ఎవరో మధ్యలో వదిలేశారేమో అనిపిస్తుంది. కానీ చట్టం కోరేదే ఆ ఖాళీని.

పైకప్పు ఉన్న నిర్మాణంలో గోడల మొత్తం వైశాల్యంలో కనీసం సగం తెరిచి ఉండాలి. అంతకంటే తక్కువ తెరిచి ఉంటే అది గది కిందే లెక్క, అక్కడ సిగరెట్ వెలిగించకూడదు. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న షెల్టర్‌నే తీసుకోండి. నాలుగు గోడలూ కలిపి 20 చదరపు మీటర్లు. ముందు వైపు మాత్రమే తెరిస్తే 6 చదరపు మీటర్లే, అది చాలదు. పక్కది కూడా ఒకటి తెరిస్తే 10, అప్పుడు సరిపోతుంది. మూసుకునే వీలున్న తలుపులు, కిటికీలు ఈ లెక్కలోకి రావు. గుడ్డతో వేసిన పందిరైనా కప్పే.

ఇక్కడిదాకా రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని బ్రిటిష్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లోనే చూపించారు. కానీ అది తాగేవాడి సొంత గొడవ అనుకున్నారు అందరూ. ఆఫీసు టేబుళ్ల మీద యాష్‌ట్రేలు అలాగే ఉండిపోయాయి. 1981లో జపాన్ శాస్త్రవేత్త తకేషి హిరయామా, పొగ తాగని 91,540 మంది భార్యల వివరాలతో ఒక అధ్యయనం ప్రచురించాడు. భర్త ఎక్కువ తాగుతుంటే, ఎన్నడూ సిగరెట్ ముట్టని భార్యకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని అందులో తేలింది. పక్కవాడి పొగ అప్పటినుంచి నలుగురి సమస్య అయింది.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆపేది లండన్ భూగర్భ రైళ్ల ఉదంతం. 1984లో ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్‌లో మంటలు రేగాక, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో భూగర్భ స్టేషన్లలో పొగ నిషేధించారు. ప్రయాణికులు ఏం చేశారు? బయటికి వెళ్తూ వెళ్తూ ఎస్కలేటర్ మీదే సిగరెట్ వెలిగించడం మొదలుపెట్టారు. 1987 నవంబర్ 18న కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో చెక్క ఎస్కలేటర్ సందులో వెలుగుతున్న అగ్గిపుల్ల పడింది. కింద ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, చెత్త అంటుకున్నాయి. 31 మంది చనిపోయారు. ఇక్కడ తాగొద్దని చెప్పినవాళ్లు, మరి ఆ మనిషి ఎక్కడ వెలిగిస్తాడో కూడా ఆలోచించాలి. షెల్టర్ అవసరం నాకు అక్కడే కనిపిస్తుంది.

పనిచోటు మాటకొస్తే రాయ్ కాసిల్‌ను తలచుకోవాలి. బ్రిటిష్ టీవీలో అందరికీ తెలిసిన కళాకారుడు, సిగరెట్ తాగడు. పొగ నిండిన క్లబ్బుల్లో ఏళ్ల తరబడి ట్రంపెట్ వాయించడమే తన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని నమ్మాడు. 1994లో చనిపోయే వరకూ దాని గురించే మాట్లాడాడు.

తర్వాత పనులు త్వరగా జరిగాయి. 2004 మార్చి 29న ఐర్లండ్, 2006 మార్చి 26న స్కాట్లండ్ పనిచోట్ల లోపల పొగ తాగడంపై నిషేధం తెచ్చాయి. ఇంగ్లండ్‌లో అప్పుడు అధికారంలో ఉన్న లేబర్ పార్టీ మొదట తిండి పెట్టని పబ్బులనూ, ప్రైవేటు క్లబ్బులనూ వదిలేద్దామనుకుంది. అక్కడ పనిచేసేవాళ్లవి ఊపిరితిత్తులు కావా అన్న ప్రశ్నకు జవాబు లేదు. 2006 ఫిబ్రవరి 14న ఎంపీలు 384–184 ఓట్లతో పూర్తి నిషేధానికే మొగ్గారు. 2007 జులై 1 నుంచి అమలు. తాగినవాడికి 50 పౌండ్ల జరిమానా అయితే, తాగకుండా అడ్డుకోని యజమానికి 2,500 పౌండ్ల దాకా. షెల్టర్ కట్టి తీరాలని మాత్రం యజమాని మీద బాధ్యత పెట్టలేదు. కడితే సగం తెరిచి కట్టాలి, అంతే.

ఆ సగం నియమం మంచిదనే నా అభిప్రాయం. వాన నుంచి కాపాడుతుంది, పొగను నిలవనివ్వదు. లోటల్లా దూరం విషయంలో ఉంది. తలుపుకు ఎన్ని మీటర్ల అవతల ఉండాలో ఆ చట్టం చెప్పలేదు. లెక్క ప్రకారం కట్టిన షెల్టర్ కూడా కిటికీ కిందే ఉంటే పొగ లోపలికే వస్తుంది. స్కాట్లండ్ ఈ సంగతి ఆసుపత్రుల వరకు పట్టించుకుంది. 2022 సెప్టెంబర్ నుంచి అక్కడి ఆసుపత్రి భవనాలకు 15 మీటర్ల లోపు తాగడం నేరం.

మన దేశంలో 2008 అక్టోబర్ 2న వచ్చిన నియమాలు ఆఫీసులనూ పొగ తాగరాని చోట్లలో చేర్చాయి, జరిమానా 200 రూపాయల దాకా. ప్రత్యేక స్మోకింగ్ ఏరియాకు విమానాశ్రయాలు, కనీసం 30 గదులున్న హోటళ్లు, కనీసం 30 సీట్లున్న రెస్టారెంట్లకే వీలుంది. ఆఫీసు లోపల అలాంటి గది పెట్టకూడదు. అందుకే హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లోంచి కుర్రాళ్లు గేటు దాటి టీ కొట్టు దగ్గరికి వస్తారు. ఆ కొట్టు నడిపే ఆవిడకీ, గేటు దగ్గర పొద్దుటి నుంచి నిలబడే వాచ్‌మన్‌కీ పనిచోటు అదే.