హైస్కూల్ చదువు: పిల్లలు నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

చంద్రగిరి వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎనిమిది నుంచి పది వరకు చదివే పిల్లలు వెనకబడేది పాఠం కష్టమై కాదు, రానిది రాదని చెప్పడానికి సిగ్గుపడి. ఆ సిగ్గును పెంచే మాటలు కొన్ని ఉన్నాయి. ఇంట్లోనూ వింటారు, బళ్లోనూ వింటారు.

అపోహ: "నాకు లెక్కల బుర్ర లేదు సార్."

వాస్తవం: వర్గ సమీకరణాల దగ్గర ఆగిపోయిన పిల్లల నోట్సు చూస్తే, తప్పు చాలాసార్లు ఆ పాఠంలో ఉండదు. x² − 5x + 6 = 0 ఇస్తే, గుణిస్తే 6, కూడితే −5 వచ్చే సంఖ్యలు −2, −3 కావాలి. పిల్లలు 2, 3 అని రాసి ఆగిపోతారు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అన్నది ఏడో తరగతిలోనే సరిగ్గా పట్టుబడలేదు. ఇంకొందరు 1/2కి 1/3 కలిపి 2/5 అంటారు. రావలసింది 5/6. మూడేళ్ల కిందటి ఆ చిన్న లోటును ఎవరూ చూడలేదు, పిల్లలూ చెప్పలేదు. అంతే తప్ప బుర్రలో ఏ లోపమూ లేదు.

అందుకే ముందు పదో తరగతి గైడు పక్కన పెట్టండి. తమ్ముడిదో చెల్లెలిదో ఏడో తరగతి పుస్తకం తీసుకోండి. పూర్ణసంఖ్యలు, భిన్నాలు, సామాన్య సమీకరణాలు, ఈ మూడే చెయ్యండి. రోజుకు అరగంట చాలు. పదో తరగతి పిల్లలు ఏడో తరగతి పుస్తకం పట్టుకోవడం నామోషీ కాదు. క్లాసులో అడగలేకపోతే బెల్ కొట్టాక స్టాఫ్‌రూమ్‌కు వచ్చి అడగండి. అలా వచ్చి అడిగే పిల్లలంటే నాకెంతో ఇష్టం.

అపోహ: ఎన్ని గంటలు కూర్చుంటే అన్ని మార్కులు.

వాస్తవం: చదివిందే చదువుతుంటే వచ్చేసినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాస్తేనే ఏది వచ్చిందో, ఏది రాలేదో బయటపడుతుంది. రానిదాన్ని మాత్రమే మళ్లీ చదవండి. రెండు రోజులాగి ఇంకోసారి చూడకుండా రాయండి. మీ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో స్థిరపడేది ఆ నిద్రలోనే. తెల్లవార్లూ మేలుకుని చదవమనే పెద్దలకు కూడా ఇదే చెబుతాను.

పరీక్షల ముందు అలిపిరి మెట్లెక్కి వస్తామని మొక్కుకునే పిల్లలు మా దగ్గర చాలామంది. మొక్కుకుంటే మనసు కుదుటపడుతుంది, మంచిదే. పరీక్షకు ముందురోజు మాత్రం ఎక్కకండి, కాళ్లనొప్పులతో హాల్లో కూర్చోవడం కష్టం.

అపోహ: ఎంపీసీ, బైపీసీ తీసుకోకపోతే చదువు రానట్టే.

వాస్తవం: ఇంటర్‌లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చదివినవాళ్లు సీఏకు, ఐదేళ్ల లా కోర్సుకు వెళ్లొచ్చు. ఇంటర్ వద్దనుకుంటే పది కాగానే పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో చేరొచ్చు, తిరుపతిలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. పక్కింటి పిల్ల చేరిందని గ్రూపు ఎంచుకోవద్దు.

అపోహ: పదిలో తప్పితే జీవితం అయిపోయినట్టే.

వాస్తవం: మార్కులకు విలువ లేదని నేను అనను. పది కాగానే చేరే ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో సీట్లు ఇచ్చేది పదో తరగతి మార్కులను బట్టే. కానీ తప్పిన సబ్జెక్టులకు కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ ఉంటుంది. అందులో పాసైతే ఆ ఏడాదే ఇంటర్‌లో చేరొచ్చు, ఏడాది పోదు. ఫలితాల రోజు ఇంట్లో ఎవరూ ఆ పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు, ఆ సాయంత్రం మార్కుల మాట ఎత్తొద్దు. పిల్లలూ, టెన్షన్ తట్టుకోలేనంతగా ఉంటే 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వ సేవ. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.